రిజర్వేషన్లు అమలవుతున్నాయి కదా, సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఇంకా ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఒక యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఈమధ్యే అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరారు. నాక్ (యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) టీమ్ వస్తోందని హడావుడిగా ఒక సమానత్వ కమిటీ వేసి, అందరికంటే జూనియర్ కాబట్టి మిమ్మల్ని కన్వీనర్‌ను చేశారు. ఒక సెమినార్ పెట్టి ఫొటోలు అప్‌లోడ్ చేస్తే చాలని హెడ్ గారి మాట. మీకేమో నిజంగా ఏదైనా చేయాలని ఉంది. కానీ స్టాఫ్ రూమ్‌లో "రోస్టర్ (ఏ సీటు ఏ కేటగిరీకో చెప్పే వరస) ప్రకారమే సీట్లు ఇస్తున్నాం, అమ్మాయిలు సగానికి పైనే ఉన్నారు, ఇంకేం కావాలి?" అని అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదన్నారు.

సూటిగా చెప్తాను. సెమినార్ పెట్టేయండి, దాని గురించి హెడ్ గారితో పేచీ వద్దు. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, మీ డిపార్ట్‌మెంట్‌లో నోటిమాట మీద జరిగిపోయే పనులన్నీ రాయండి. పీహెచ్‌డీకి ఎవరికి ఏ గైడ్ దొరుకుతారు, ఇంటర్నల్స్ ఎలా వేస్తారు, ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కాన్ఫరెన్స్‌కి ఎవరిని పంపుతారు, ప్రాజెక్టులో ఖాళీ ఉన్న సంగతి ఎవరి చెవిన ముందు పడుతుంది. అడ్మిషన్ వరకు అంతా కాగితం మీదే ఉంటుంది. రోస్టర్ ఉంది, జీవో ఉంది, తేడా వస్తే కోర్టు ఉంది. గేటు దాటి లోపలికొచ్చాక నడిచేదంతా నోటిమాటే. పిల్లలు జారిపోయేది అక్కడే. కాబట్టి మీ కమిటీకి పని ఒకటే: ఆ నోటిమాటల్ని ఒక్కొక్కటిగా కాగితం మీదకి, నోటీసు బోర్డు మీదకి తేవడం.

నేను కెమిస్ట్రీ మనిషిని. ఒక రాష్ట్ర యూనివర్సిటీలో 29 ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను. మూడేళ్లు హెడ్‌గా కూడా చేశాను. చేరినప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో రెండో ఆడమనిషిని. ఇక్కడ రాసేది ఆ అనుభవంలోంచే. ఫిజిక్స్‌కి కొంచెం అటూఇటూ మార్చుకోండి.

ముందు గైడ్ కేటాయింపు. మిగతావన్నీ దీని తర్వాతే.

మా దగ్గర పాత పద్ధతి ఎలా ఉండేదంటే, పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అయ్యాక సెలెక్టయినవాళ్ల లిస్టు అంటించేవాళ్లం. ఆ తర్వాత "వెళ్లి గైడ్‌ను చూసుకోండి" అనేవాళ్లం. ఈ ‘చూసుకోవడం’ అనేది ఏ నిబంధనలోనూ లేదు. మా దగ్గరే ఎమ్మెస్సీ చేసినవాళ్లు, ఎవరో ఒక సార్‌కి తెలిసినవాళ్లు, గలగలా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు సాయంత్రానికల్లా ఎవరో ఒకరి గదిలో కూర్చునేవాళ్లు. మిగిలినవాళ్లు ఫైలు పట్టుకుని వరండాలో తిరిగేవాళ్లు. ఇంటిపేరు విని ఊరు అడిగేవాళ్లు, ఊరు విన్నాక "ఎవరబ్బాయివి?" అని అడిగేవాళ్లు కూడా ఉండేవాళ్లు. ఆ ప్రశ్న ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు.

ఒకసారి ఒక కుర్రాడు మూడు నెలలు అలాగే తిరిగాడు. అతనికి ఎస్సీ విద్యార్థులకిచ్చే నేషనల్ ఫెలోషిప్ ఉంది. అంటే గైడ్‌కి పైసా ఖర్చు లేదు, పైగా పరిశోధన ఖర్చులకు కంటింజెన్సీ డబ్బు కూడా వస్తుంది. అయినా అందరం ఒకే మాట చెప్పాం: "నా దగ్గర ఇప్పటికే ఎక్కువమంది ఉన్నారు." నేనూ అదే చెప్పాను. నిజానికి నా దగ్గర ఒక ఖాళీ ఉంది. ‘మంచి స్టూడెంట్’ వస్తే ఇద్దామని అట్టిపెట్టుకున్నాను. మంచి అంటే ఏమిటని అప్పుడెవరైనా నిలదీసి ఉంటే నా దగ్గర జవాబు లేదు. అతని ఎమ్మెస్సీ మార్కులు నేను ఆ ఏడాది చివర్లో తీసుకున్న అమ్మాయి మార్కుల కంటే ఎక్కువ. చివరికి అతను వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఇది నేను గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. కానీ వివక్ష అంటే ఎవరో మీసాలు తిప్పే దుర్మార్గుడు చేసే పని అనుకుంటారు, అందుకని చెప్తున్నాను. మా అందరిలో ఒక్కరమూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. నవ్వుతూనే పంపించేశాం.

హెడ్ అయ్యాక నేను చేసిన మొదటి పని ఇది. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లకు మించి ఉండకూడదు. అంటే ఎవరి దగ్గర ఎన్ని ఖాళీలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పట్టిక ఇంటర్వ్యూకి వారం ముందే బోర్డు మీద పెట్టించాను. సెలెక్టయినవాళ్లు తమకు కావలసిన గైడ్ల పేర్లు మూడు వరసగా రాసివ్వాలి. రీసెర్చ్ కమిటీ ఒకరోజు కూర్చుని కేటాయింపు పూర్తి చేయాలి. గైడ్ కాదంటే కారణం రాసి సంతకం పెట్టాలి. ఈ చివరి షరతుకి ఇద్దరు సీనియర్లు నాతో చాలారోజులు మాట్లాడలేదు. కానీ కారణం రాయాల్సి వచ్చేసరికి కాదనడం బాగా తగ్గింది.

ఇదేదో చిన్న పరిపాలనా సమస్య అనుకోకండి. 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ అనే దళిత విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాడు. మీ సబ్జెక్టే, ఫిజిక్స్ పీహెచ్‌డీ. అప్పటికి అతనికి గైడ్‌ను కేటాయించలేదు. తర్వాత యూనివర్సిటీ వేసిన కమిటీ ఎత్తిచూపినవాటిలో ఒకటి, కోర్సువర్క్, గైడ్ కేటాయింపు నియమాల్లో స్పష్టత లేదని, అవి అందరికీ ఒకేలా అమలు కాలేదని.

భాష సంగతి. మా ప్రాక్టికల్ వైవాలో జరిగింది చెప్తాను. ఏజెన్సీ ప్రాంతంలో ఆశ్రమ పాఠశాలలో చదివి, తెలుగు మీడియంలో డిగ్రీ చేసి వచ్చిన అమ్మాయి. ఎక్స్‌టర్నల్, అంటే బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్, ఇంగ్లిష్‌లో నాలుగు ప్రశ్నలు వేశారు. నాలుగింటికీ తల వంచుకుని నిలబడింది. ఆయన అప్పటికే సున్నా వేయబోతున్నారు. నేను కల్పించుకుని "బ్యూరెట్‌లో ఏం పోశావమ్మా? రంగు ఎందుకు నిలిచింది?" అన్నాను. "పర్మాంగనేట్ మేడం. కింద ఫెర్రస్ ఉన్నంతసేపూ రంగు పోతూనే ఉంటుంది. అదంతా అయిపోయాక ఇంకొక్క చుక్క పడితే గులాబీ రంగు ఉండిపోతుంది, వేరే ఇండికేటర్ అక్కర్లేదు" అంది. సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు, హైడ్రోక్లోరిక్ ఎందుకు వాడకూడదంటే, "క్లోరైడ్ కూడా పర్మాంగనేట్‌ని తినేస్తుంది మేడం, లెక్క తప్పుతుంది" అంది. ‘తినేస్తుంది’ అనే మాట ఏ పుస్తకంలోనూ లేదు, కానీ అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ రోజు మొదట అడిగిన ఆరుగురు ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో ఈ జవాబు ఒక్కరే చెప్పారు.

ఆమెకు రానిది కెమిస్ట్రీ కాదు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో ‘ఆక్సీకరణం, క్షయకరణం’ అని చదువుకుంది. మా క్లాసులో ‘ఆక్సిడేషన్, రిడక్షన్’ అన్నాం. మీ దగ్గరైతే ద్రవ్యవేగం మొమెంటమ్ అవుతుంది, త్వరణం ఆక్సిలరేషన్ అవుతుంది, సమాకలనం ఇంటిగ్రేషన్ అవుతుంది. తెలిసిన మనిషే కొత్త చొక్కా వేసుకొచ్చాడని చెప్పేవాళ్లు లేక మొదటి సెమిస్టర్ మొత్తం పోతుంది. మేం చేసిందల్లా సెకండియర్ పిల్లలతో రెండు వరసల్లో ఒక మాటల పట్టిక రాయించడం, మొదటి రెండు వారాలు రెండు మాటలూ కలిపి చెప్పడం, వైవాలో ఏ భాషలోనైనా జవాబు చెప్పొచ్చని ప్రశ్నపత్రం పక్కనే రాసి పెట్టడం. ఖర్చు జిరాక్సు డబ్బులు.

సైన్స్ ఇంగ్లిష్‌లో తప్ప కుదరదనేవాళ్లు మీ స్టాఫ్ రూమ్‌లో కచ్చితంగా ఉంటారు. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో బోధన ఉర్దూలో జరిగేది, సైన్సుతో సహా. పుస్తకాలు తర్జుమా చేయడానికే ఒక సంస్థ పెట్టుకున్నారు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. సైన్స్‌లో ఫెలోషిప్‌కి, లెక్చరర్ అర్హతకి రాసే సీఎస్‌ఐఆర్ నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, పేపర్లు రాయాల్సింది ఇంగ్లిష్‌లోనే. తెలుగులోనే ఉండిపోనిస్తే అది మేలు కాదు. మొదటి సెమిస్టర్‌లో చెయ్యి పట్టుకోవాలి, మూడో సెమిస్టర్‌కి వదలాలి.

ఇంకో జాగ్రత్త. ‘ఎస్సీ, ఎస్టీలకు రెమెడియల్ క్లాసులు’ అని బోర్డు మీద పేర్లు అంటించకండి. మేం ఒక ఏడాది ఆ పని చేశాం. సాయంత్రం అయిదింటికి క్లాసు అంటే ఇద్దరు వచ్చారు, మూడో వారం నుంచి వాళ్లూ రాలేదు. ఆ గదిలో కూర్చోవడమంటే నుదుటి మీద రాసుకుని కూర్చోవడమే కదా. అదే క్లాసు టైమ్‌టేబుల్‌లో పెట్టి అందరినీ రమ్మంటే గది నిండింది. అవసరం ఉన్నవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు.

దీనికి దగ్గరిదే ఇంకొకటి. మొదటి క్లాసులో పరిచయాలప్పుడు "ఎంట్రన్స్‌లో నీ ర్యాంకెంత?" అని అడిగే అలవాటు. ర్యాంకు చెప్తే కేటగిరీ చెప్పినట్టే. అడిగే సార్‌కి దురుద్దేశం ఉండకపోవచ్చు, కానీ ఆ నిమిషంలోనే క్లాసు రెండుగా విడిపోతుంది. అలాగే అడ్మిషన్ సెక్షన్ నుంచి వచ్చే లిస్టులో కేటగిరీ కాలమ్ ఉంటుంది. మా దగ్గర దాన్నే యథాతథంగా ల్యాబ్ బ్యాచ్‌ల లిస్టుగా తలుపుకి అంటించేవాళ్లు. ఆ కాలమ్ తీసేయమని చెప్పడానికి నాకు ఎన్నేళ్లు పట్టిందో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

డబ్బు. దీన్ని సమానత్వం కింద ఎవరూ లెక్కవేయరు. కాన్ఫరెన్స్‌కి ముందు మీరు పెట్టుకోండి, తర్వాత బిల్లులు పెడితే ఇస్తాం అంటాం. తర్వాత అంటే ఆర్నెల్లు. చేతిలో ఎనిమిది వేలు లేనివాడు "ఇంట్రెస్ట్ లేదు మేడం" అంటాడు, మనం నిజమే అనుకుంటాం. నా స్కాలర్ ఒకతను ఇలా రెండుసార్లు అన్నాక, మూడోసారి వాళ్ల నాన్న వచ్చి "పంపడానికి డబ్బుల్లేక వద్దన్నానమ్మా" అంటేగానీ నాకు తెలియలేదు. అడ్వాన్స్ ఇచ్చే వెసులుబాటు చాలాచోట్ల నిబంధనల్లో ఉంటుంది, ఎవరూ వాడరు. మీ అకౌంట్స్ సెక్షన్‌లో కనుక్కోండి. బ్రేకేజ్ ఫీజు, ల్యాబ్ కోటు, సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చూడ్డానికి చిన్నవే. మేం పాసై వెళ్లిపోయేవాళ్ల దగ్గర కోట్లు తీసుకుని ఉతికించి బీరువాలో పెట్టాం, అడిగినవాళ్లకి కారణం అడక్కుండా ఇస్తాం. ఫెలోషిప్ రావాలంటే నెలనెలా యూనివర్సిటీ వైపు నుంచి పోర్టల్‌లో కన్ఫర్మేషన్ పడాలి. దానికి గైడ్ పెట్టే సంతకం ఆలస్యమైతే ఆ కుర్రాడు హాస్టల్ మెస్‌లో అప్పు పెడతాడు. దానికి ఒక తేదీ పెట్టి, దాటితే హెడ్ సంతకం చెల్లుతుందని రాసుకున్నాం.

అమ్మాయిలు సగానికి పైనే ఉన్నారన్న మాట నిజమే. ఉన్నత విద్య మీద కేంద్రం చేసే ఐషీ సర్వే (2020-21) ప్రకారం దేశంలో డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా సైన్స్ చదివేవాళ్లు 57.2 లక్షలు, అందులో అమ్మాయిలు 29.5 లక్షలు. కానీ ఎమ్మెస్సీ క్లాసులోంచి లేచి ఫ్యాకల్టీ మీటింగ్‌లోకి వెళ్లి తలలు లెక్కపెట్టండి.

1933లో బయోకెమిస్ట్ కమలా సోహోనీ బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సీటు అడిగితే అక్కడి డైరెక్టర్ సి.వి. రామన్ ఇవ్వనన్నారు. కారణం ఆడపిల్ల కావడమే. ఆమె పట్టుబట్టాక మొదటి ఏడాది ప్రొబేషన్ మీద, షరతులతో తీసుకున్నారు. ఆరేళ్ల తర్వాత ఆమె కేంబ్రిడ్జ్ నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నారు. ఇప్పుడు అంత మొహమాటం లేకుండా ఎవరూ కాదనరు. ఇప్పటి అడ్డంకులు వేరే. మా ఇన్‌స్ట్రుమెంట్ గదిలో స్లాట్లు రాత్రి ఎనిమిది తర్వాతే ఖాళీగా ఉండేవి, అమ్మాయిల హాస్టల్ గేటు అంతకుముందే మూసేసేవాళ్లు. స్లాట్ల పుస్తకం ఒక సీనియర్ స్కాలర్ దగ్గర ఉండేది, పగటి స్లాట్లు అతని స్నేహితులవి. పుస్తకం గది బయట వేలాడదీసి, వారానికి ఒకరికి రెండు పగటి స్లాట్లకు మించి కుదరదని రాశాక గొడవ సద్దుమణిగింది. మూడో అంతస్తులో లేడీస్ టాయిలెట్‌కి తాళం, తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ టీకి. ఈ వాక్యం నవ్వుకోవడానికి బాగుంటుంది, ఏడు గంటల ప్రాక్టికల్ రోజున కాదు.

ఇంకో సంగతి చాలామంది గైడ్లు చెప్పరు, కొందరికి తెలియదు కూడా. మహిళా స్కాలర్లకి పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. గడువులో అదనంగా రెండేళ్లు కూడా ఉన్నాయి. ఆ అదనపు గడువు 40 శాతానికి పైన వైకల్యం ఉన్నవాళ్లకి కూడా వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ రోజునే ఈ రెండు లైన్లూ అచ్చువేసి చేతిలో పెట్టండి. గర్భవతినని గైడ్‌కి చెప్పడానికి భయపడి అయిదో నెల దాకా సాల్వెంట్లతో పనిచేసిన అమ్మాయిని చూశాను.

అన్నట్టు, మీ సెమినార్‌లో బొకేలు పట్టుకుని వేదిక పక్కన నిలబడే పని ఎవరికి అప్పజెప్పారో ఒకసారి చూడండి.

వైకల్యం గురించి ఒక్క మాట. 2016 చట్టం ప్రకారం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లున్నాయి, కానీ సైన్స్ ల్యాబ్ అనేసరికి ‘వీళ్ల వల్ల కాదు’ అని ముందే తేల్చేస్తాం. చూపు బాగా తక్కువున్న ఒక అబ్బాయి బ్యూరెట్ గీతలు చదవలేకపోతే, పక్కనున్న కుర్రాడే ఫోన్ కెమెరా జూమ్ చేసి చూపించాడు. ల్యాబ్‌లో ఫోన్ నిషేధం కదా అని నేను అడ్డుపడబోయాను. తర్వాత ఫోన్ స్టాండ్ ఒకటి కొన్నాం. ఏం కావాలో ఆ విద్యార్థినే అడిగితే సగం పని అయిపోతుంది.

"మెరిట్ ఏమవుతుంది?" అనే ప్రశ్నకి వాదన పెట్టుకోకండి, ఒక ప్రయోగం పెట్టండి. సైన్స్ వాళ్లం కదా. మిడ్ పేపర్ల మీద పేరు, హాల్ టికెట్ నంబరు మూసేసి కోడ్ వేయించి దిద్దండి. మొదటిసారి కోడ్లు విప్పి చూసుకున్నప్పుడు నాకే కంగారేసింది. ‘తెలివైన పిల్ల’ అని నేను అనుకునే అమ్మాయికి నా చేత్తోనే మామూలు మార్కులు పడ్డాయి. వెనక బెంచీలో ఉండే, నాకు పేరు కూడా సరిగా గుర్తులేని కుర్రాడికి ఆమె కంటే ఎక్కువ పడ్డాయి. మెరిట్‌ని నిజంగా నమ్మేవాళ్లు ఈ పద్ధతికి అడ్డు చెప్పకూడదు. చెప్తే, అదీ ఒక జవాబే.

ఇక రాసి పెడితే అన్నీ బాగుపడతాయా అంటే, లేదు. ఫిజిక్స్ శాస్త్రవేత్త అన్నా మణి, సి.వి. రామన్ ల్యాబ్‌లో వజ్రాల మీద పనిచేసి 1945లో థీసిస్ ఇచ్చారు. ఎమ్మెస్సీ లేదన్న రాతపూర్వక నియమంతో మద్రాసు యూనివర్సిటీ డాక్టరేట్ ఇవ్వలేదు. టీచర్ పోస్టుల రోస్టర్‌ సంగతీ అంతే. డిపార్ట్‌మెంట్‌నే యూనిట్‌గా తీసుకుంటే నాలుగు పోస్టులున్న చిన్న డిపార్ట్‌మెంట్‌కి ఎస్సీ పాయింట్ (ఎస్సీలకిచ్చే పోస్టు వంతు) చాలాకాలం రాదు, ఎందుకంటే కేంద్ర రోస్టర్‌లో అది ఏడోది, ఎస్టీ పాయింట్ పద్నాలుగోది. కేంద్ర సంస్థల విషయంలో 2019లో పార్లమెంటు చట్టం చేసి మొత్తం యూనివర్సిటీనే యూనిట్ అని తేల్చాల్సి వచ్చింది. రాసిన నియమం తప్పైతే కనీసం దాన్ని చూపించి కొట్లాడొచ్చు, నోటిమాటని ఎక్కడ పట్టుకుంటాం?

ఫిర్యాదుల గురించి మాత్రం నా తప్పు చూసి నేర్చుకోండి. ఒక స్కాలర్ తన గైడ్ కులం పేరుతో మాట్లాడారని నా దగ్గరికి వస్తే, హెడ్‌ని కదా అని ఇద్దరినీ కూర్చోబెట్టి టీ ఇప్పించి రాజీ చేశాను. తర్వాత రెండేళ్లు ఆ కుర్రాడి చాప్టర్లు ఆ గైడ్ టేబుల్ మీదే ఉండిపోయాయి. 2012 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో వివక్ష ఫిర్యాదులు తీసుకునే అధికారి, ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలి. లైంగిక వేధింపులైతే ఇంటర్నల్ కమిటీ ఉంది. డిపార్ట్‌మెంట్ లోపల పంచాయితీ పెట్టకండి. ఆ అధికారి పేరు, గది, ఫోన్ నంబరు బోర్డు మీద ఉన్నాయో లేదో చూడండి. గైడ్ మార్పు అడిగితే ఎన్ని రోజుల్లో తేల్చాలో రాసి పెట్టించండి.

మీరు జూనియర్ కాబట్టి ఇవన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ప్రొబేషన్ డిక్లేర్ కావడమే కష్టమవుతుంది. ఒకటి పట్టుకోండి. నా సలహా, రాబోయే పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకి ముందు ఖాళీల పట్టిక. మీటింగ్‌లో ఎవరూ ఒప్పుకోకపోతే, మీ గది తలుపు మీద మీ ఒక్కరి ఖాళీలు రాసి అంటించండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒప్పుకుంటే మాత్రం ఆ రోజే మినిట్స్‌లో ఎక్కించి సంతకాలు తీసుకోండి. ముందు ఆ మినిట్స్ పుస్తకం ఎవరి బీరువాలో ఉందో కనుక్కోండి. మా దగ్గర అది దొరకడానికే వారం పట్టింది.